నాయనమ్మ పియానో: ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

ప్రశ్న: నమస్తే మేడం. మాది గుంటూరు, బ్రాడీపేట. మా నాయనమ్మ మిషన్ స్కూల్లో మ్యూజిక్ టీచరుగా చేశారు. అరవైల్లో ఒక మిషనరీ కుటుంబం అమెరికా తిరిగి వెళ్ళిపోతూ అమ్మిన పియానోని ఆవిడ కొనుక్కున్నారు. గోడకి ఆనించి నిలువుగా ఉండే రకం. మూత మీద ఇత్తడి అక్షరాల్లో ‘మిస్క్విత్, మద్రాసు’ అని ఉంది. నాయనమ్మ పోయి ఏడాదైంది, చివరి పదేళ్ళూ ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చాం. సంక్రాంతి లోపు ఖాళీ చేసి మూడో అంతస్తులో అద్దె ఫ్లాటుకి వెళ్ళాలి. పాత సామాన్ల అతను తొమ్మిది వేలిస్తానన్నాడు. మా బావగారేమో అది యాంటిక్, లక్షలు పలుకుతుంది, తొందరపడొద్దు అంటున్నారు. హైదరాబాద్‌లో ఉండే మా మేనత్త "అమ్మ పియానో అమ్మితే మీ గుమ్మం తొక్కను" అంటోంది, పోనీ తీసుకెళ్ళమంటే చోటు లేదంటోంది. మా పాపకి తొమ్మిదేళ్ళు, కీబోర్డు నేర్చుకుంటోంది, అది నాకే కావాలని పట్టుబట్టింది. కొన్ని మెట్లు నొక్కితే పైకి రావట్లేదు, రెండు మూడు అసలు పలకట్లేదు, మొత్తం మీద శ్రుతి కిందికి దిగిపోయినట్టు ఉంది. ఉంచుకోవాలా, వదిలించుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది. — ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు ఆ పాత సామాన్ల అతనికి ఫోన్ చేసి ఈ నెలలో రావద్దని చెప్పండి. అమ్మకూడదని కాదు, లోపల ఏముందో చూడకుండా అమ్మడం, చూడకుండా దాచుకోవడం రెండూ తప్పే కాబట్టి. మీ ఉత్తరంలో బావగారు ఏమన్నారో ఉంది, మేనత్తగారు ఏమన్నారో ఉంది, ఎవరు ఎంతిస్తానన్నారో ఉంది, కానీ ఆ పియానో పై మూత ఎత్తి లోపలికి ఎవరైనా తొంగి చూశారా అన్నది మాత్రం లేదు. నేను విజయవాడ సత్యనారాయణపురంలో పాతికేళ్ళుగా పిల్లలకి పియానో, కీబోర్డు నేర్పుతున్నాను. మన రెండు ఊళ్ళలోనూ ఇలాంటి పియానోలు కొన్ని చూశాను, చర్చి హాళ్ళలో, పాత స్కూళ్ళలో, ఇలా పెద్దవాళ్ళు పోయిన ఇళ్ళలో. దాదాపు ప్రతిచోటా ఇంట్లో వాళ్ళందరూ దాని విలువ గురించి వాదించుకుంటారు, దాని ఆరోగ్యం ఎవరూ చూడరు.

బావగారి మాట ముందు తేల్చేద్దాం. పియానో పాతబడినకొద్దీ విలువ పెరగదు. మనకి వీణ అలవాటు కాబట్టి ఈ పొరపాటు పడతాం. తాతల నాటి నూజివీడు వీణ ఒకటి ఇంట్లో ఉందనుకోండి, పనస చెక్క గట్టిగానే ఉంటుంది, మైనం పాడై మెట్లు కదిలితే మళ్ళీ కట్టించుకుంటాం, ఏడు తీగలూ మార్చుకుంటాం, వీణ మళ్ళీ పలుకుతుంది. పియానోలో ఏడు కాదు, సుమారు 220 తీగలు ఉంటాయి. మంద్రంలో ఒక్కో మెట్టుకి ఒకటి, కొంచెం పైకి వస్తే రెండేసి, మధ్య నుంచి పై దాకా మూడేసి. ఒక్కో తీగనీ 70, 80 కిలోల బలంతో లాగి కట్టి ఉంచుతారు, మీ మిర్చి యార్డులో చూసే టిక్కీలు, ఆ మిర్చి బస్తాలు, దాదాపు రెండు ఒక్క తీగకి వేలాడదీసినట్టు. అన్నీ కలిపితే 15 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది, అంటే నిండా లోడు ఎత్తిన లారీ బరువు పగలూ రాత్రీ ఆ పెట్టె మీద లాగుతూనే ఉంటుంది, ఎవరూ వాయించకపోయినా సరే.

ఆ లాగుడు మోసేది లోపలి పోత ఇనుము ఫ్రేమే. కానీ తీగల చివరలు చుట్టిన పిన్నులు ఇనుములో బిగించి ఉండవమ్మా, వెనకాల ఉన్న చెక్కలో దిగి ఉంటాయి. దాన్నే పిన్ బ్లాక్ అంటారు. మరలు లేవు, బోల్టులు లేవు, కేవలం చెక్క పట్టు మీద నిలబడతాయి. ఆ చెక్క ఏటా రోహిణి కార్తెలో ఎండి కుంచించుకుపోతుంది, వానల్లో తేమ పీల్చి ఉబ్బుతుంది, మళ్ళీ ఎండుతుంది. గుంటూరు ఎండలు మీకు నేను చెప్పక్కర్లేదు. ఇలా డెబ్భై ఎనభై ఏళ్ళు గడిచాక పిన్ను రంధ్రం వదులైనా అవుతుంది, చెక్క చీలికైనా వస్తుంది. అప్పుడు ట్యూనర్ ఎంత శ్రమపడి శ్రుతి చేసినా పిన్ను మెల్లగా వెనక్కి తిరుగుతుంది, వారంలో మళ్ళీ అదే కథ. పియానో చావు అంటే అదే. మిగతావి చాలావరకు జబ్బులే, మందుంది.

మూత మీది పేరు సంగతి. ఆ పేరు చూసి మురిసిపోవద్దు, తీసిపారేయొద్దు కూడా. మిస్క్విత్ కంపెనీ మద్రాసులో 1842లో మొదలైంది, తర్వాత మ్యూజీ మ్యూజికల్ అయి చెన్నై మౌంట్ రోడ్డులో ఇప్పటికీ నడుస్తోంది. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చిందీ ఆ 1842లోనే, అందుకని మీ మూత మీద ఆ పేరు చదివినప్పుడు నాకు మనసులో ఏదో కదిలింది. గుంటూరు మిషన్ ఇంట్లో మద్రాసు కొట్టు పియానో ఉండటం ఎంత సహజం! కానీ ఆ రోజుల్లో ఇక్కడి దుకాణాలు ఇంగ్లండ్ నుంచో జర్మనీ నుంచో పియానోలు తెప్పించి, తమ పేరు మూత మీద వేయించి అమ్మేవి. కాబట్టి అది అమ్మినవాళ్ళ పేరు అయ్యుండొచ్చు, తయారుచేసినవాళ్ళ పేరు కాకపోవచ్చు. అసలు పేరు లోపల ఇనుప ఫ్రేమ్ మీద పోతలోనే ఉంటుంది, లేదా పై మూత లోపలి వైపు. దగ్గర్లోనే నాలుగైదు అంకెల నంబరు ఒకటి కొట్టి ఉంటుంది. పేరూ నంబరూ దొరికితే అది ఏ సంవత్సరం నాటిదో చాలావరకు తెలుసుకోవచ్చు. చెక్క అతుకుల దగ్గర ఇత్తడి మరలు కనిపిస్తే సంతోషించండి, ఉక్కపోత దేశాల్లో జిగురు వదిలేస్తుందని ఇక్కడికి పంపే పియానోలకి అలా మరలు బిగించేవారు.

ఇప్పుడు అసలు పని. ఒక ఆదివారం పొద్దున్న, వెలుతురు బాగున్నప్పుడు, ఇద్దరు పెద్దవాళ్ళు ఉండి చేయండి. పై మూత ఎత్తితే లోపల ముందు పలకకి రెండు వైపులా తిప్పే గొళ్ళేలు కనిపిస్తాయి, అవి తిప్పి పలకని మెల్లగా మీ వైపు వంచి పైకెత్తితే వచ్చేస్తుంది. కింద, మోకాళ్ళ దగ్గరి పలక ఇంకా తేలిక, మెట్ల బల్ల కింద ఇనుప స్ప్రింగు పట్టీ ఉంటుంది, దాన్ని పైకి నొక్కి పలకని లాగడమే. రెండూ తీశాక ఫోను టార్చి వేసి చూడండి. పైన పిన్నుల వరసలు, మెట్టు నొక్కితే తీగల్ని కొట్టే సుత్తులు, కింద తీగలు, పెడల్ కర్రలు అన్నీ కనిపిస్తాయి. భయం లేదు, చూడటం వల్ల ఏదీ పాడవదు. తీగల్ని చేత్తో రుద్దకండి, చెమటకి తుప్పు పడుతుంది.

మొదట ఇనుప ఫ్రేమ్. పై నుంచి కింది దాకా నిండుగా ఉందా, లేక పై భాగంలో ఉత్త చెక్కే కనిపిస్తోందా? నిండు ఫ్రేమ్ ఉండి, మంద్రం తీగలు, ఆ రాగి చుట్టిన లావు తీగలు, మిగతావాటి మీదుగా అడ్డంగా వెళ్తుంటే మంచి సంకేతం. అన్నీ నిలువుగా సమాంతరంగా ఉండి, సుత్తులకి ముందు సన్నటి కడ్డీలు పంజరంలా వరసగా కనిపిస్తే అది ఇంకా పాత పద్ధతి. ఆ రకంలో మెట్టు వదిలినా మోత సరిగ్గా ఆగదు, బాగుచేయడానికి ట్యూనర్లు కూడా అంత ఇష్టపడరు. ఫ్రేమ్ మీద ఎక్కడైనా పగులు ఉంటే ఇంక ముందుకి వెళ్ళక్కర్లేదు, ఆ పియానో అయిపోయినట్టే.

తర్వాత పిన్నులు. పైపై తుప్పు ఉంటే కంగారు పడకండి. పిన్నుల చుట్టూ నూనె మరకల్లాంటివి ఉన్నాయా, పిన్ను పక్కన రంధ్రంలో గరుకు కాగితం ముక్కలో అట్ట ముక్కలో దోపి ఉన్నాయా చూడండి. ఉంటే ఎప్పుడో ఎవరో వదులైన పిన్నులకి చిట్కా వైద్యం చేశారన్నమాట. తీగ చుట్లు ఫ్రేముకి అంటుకునేంత లోపలికి పిన్నుల్ని కొట్టేసి ఉన్నా అదే అర్థం. ఆ తర్వాత తీగలు కింద ఒక చెక్క పట్టీ మీద చిన్న మేకుల్ని ఒరుసుకుంటూ వంగి వెళ్తాయి, అది బ్రిడ్జి. ఆ మేకుల వెంట చెక్క చీలిపోయి ఉంటే పెద్ద ఖర్చు. పియానో వెనక వైపు కనిపించే పల్చటి పెద్ద పలక సౌండ్ బోర్డు, దాంట్లో ఒకటి రెండు సన్నటి చీలికలు ఉన్నా చాలామంది అనుకునేంత ప్రమాదం కాదు, వాయిస్తున్నప్పుడు బర్రుమని మోగనంతవరకు.

పిన్నులు పట్టు మీద ఉన్నాయో లేదో ఇంట్లోనే కొంత తెలుసుకునే ఉపాయం ఒకటుంది. ఫోనులో ఏదైనా ఉచిత ట్యూనర్ యాప్ పెట్టుకోండి. పాపని కూర్చోబెట్టి మధ్యలో ఉన్న మెట్లన్నీ ఒక్కొక్కటే నొక్కించండి. మధ్య ‘సి’ కి పైనున్న ‘ఎ’ 440 హెర్ట్‌జ్ పలకాలి. మీది 415 దగ్గర ఉందనుకోండి, అంటే సరిగ్గా అర స్వరం కింద. మిగతా మెట్లు కూడా సుమారు అంతే దిగి ఉంటే అది మంచి వార్త, ఏళ్ళ తరబడి ఎవరూ శ్రుతి చేయించక అన్నీ కలిసి కిందికి జారాయి, అంతే. అలా కాకుండా పక్కపక్క మెట్లలో ఒకటి కొద్దిగా దిగి, ఇంకోటి పాతాళానికి పోయి, ఒకే మెట్టుకున్న మూడు తీగలు మూడు రకాలుగా ఏడుస్తుంటే మాత్రం పిన్నులు వదులైనట్టే. మీరు "మొత్తం మీద శ్రుతి దిగిపోయినట్టు ఉంది" అని రాశారు. మీ చెవి నిజమే చెబుతుంటే నాకు ఆశ ఉంది.

మెట్లు పైకి రాకపోవడం చూసి చాలామంది పియానో పోయిందనుకుంటారు. అదే అన్నిటికన్నా చిన్న జబ్బు. మెట్టు చెక్క ఉబ్బి గానీ, దాని కింద గుడ్డ పట్టీ తేమకి బిగుసుకుని గానీ అలా అవుతుంది, తెలిసినవాళ్ళకి కాసేపటి పని. పలకని మెట్లకి తీగ తెగి ఉండొచ్చు, సుత్తి కాడ విరిగి ఉండొచ్చు, ఒక్కోసారి మెట్ల సందులో ఏదో పడి ఉంటుంది. మా దగ్గర ఒక పిల్లాడి ఇంట్లో పాత పియానో మెట్లు తీస్తే కింద అంచులు వంకీలు తిరిగిన పది పైసల బిళ్ళ, పిన్నీసు, అగ్గిపుల్లలు దొరికాయి, అవి తీయగానే రెండు మెట్లు వాటంతటవే పలికాయి. దయచేసి నూనె మాత్రం పోయకండి. కుట్టు మిషను నూనె గానీ, కొబ్బరి నూనె గానీ, తుప్పు వదిలించే స్ప్రే గానీ, ఏదీ వద్దు. ఇనుముకి మంచి చేసే నూనె చెక్కకీ ఉన్నికీ విషం, పిన్నుల్లోకి దిగితే ఉన్న పట్టు కూడా పోతుంది.

ఇంక పురుగూ పుట్రా. మెట్ల కిందా, కింది పలక లోపలా ఎలుకలు గూడు పెడతాయి, సుత్తుల ఉన్ని కొరుక్కుపోయి పరుపు వేసుకుంటాయి, వాటి ఉచ్చకి తీగలు తుప్పు పడతాయి. ఉన్నిని బట్టల పురుగు కూడా తింటుంది. ఇవి అసహ్యంగా కనిపిస్తాయి కానీ మార్చుకోగలిగినవే. చెద మాత్రం వేరు. అడుగు కర్రల్ని, వెనక నిలువు దూలాల్ని వేలి కణుపుతో తట్టండి, డొల్ల మోత వస్తోందా, స్క్రూడ్రైవర్ మొన నొక్కితే దిగిపోతోందా, పిండిలా రాలుతోందా, మట్టి గొట్టాలు పాకి ఉన్నాయా చూడండి. పైన పాలిష్ అద్దంలా మెరుస్తూ లోపల ఏమీ మిగలని పియానోని నేను కళ్ళారా చూశాను. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చంగా అది.

అది మా పెద్దమ్మది, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. 2016 పుష్కరాల ముందు ఇంటికి రంగులు వేయిస్తూ పియానోని వరండాలోకి జరిపించాం, వారం రోజులకి మాత్రమే అనుకున్నాం. జరిపిన కూలీలు దాని చిన్న చక్రాల మీద ఈడ్చారు, ఒక చక్రం విరిగి అది ఓ పక్కకి ఒరిగింది. ఎవరైనా తెలిసినవాళ్ళు వచ్చి ఎత్తాలి కదా అని అక్కడే ఉంచి మీద టార్పాలిన్ కప్పాం. పుష్కరాల చుట్టాలు వచ్చారు, వెళ్ళారు, వానలు పడ్డాయి. టార్పాలిన్ కింద గాలాడక తేమ మగ్గిపోయింది. అన్నయ్య ఒకటంటే అక్క ఒకటి, ఉంచుదామని ఒకరు, స్కూలుకి ఇద్దామని ఒకరు, ఎవరూ కాదనలేదు, ఎవరూ ఔననలేదు. మరుసటి వేసవిలో టార్పాలిన్ తీస్తే అడుగు కర్ర చేతికి రొట్టెలా వచ్చింది. పెద్దమ్మ ఏమీ అనలేదు, మూత ఒకసారి తెరిచి మూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పియానోని చంపింది చెద కాదు, మేం ఏ నిర్ణయమూ తీసుకోకపోవడం. అందుకే మీరు సంక్రాంతి గడువు పెట్టుకున్నందుకు నాకు ఒక రకంగా సంతోషంగా ఉంది.

పాప విషయం. ఇక్కడ నేను టీచరుగా మాట్లాడుతున్నాను, కొంచెం గట్టిగానే చెబుతాను. శ్రుతి నిలబడే పియానో ఇంట్లో ఉంటే అంతకన్నా అదృష్టం లేదు. చిన్న కీబోర్డు మీద నేర్చుకున్న పిల్లల వేళ్ళకి బరువు తెలియదు, మెట్టుని మెత్తగా నొక్కితే ఒక రకం, బలంగా నొక్కితే ఇంకో రకం పలుకుతుందని వాళ్ళకి నోటితో చెప్పి అర్థం చేయించడం కష్టం, పియానో ముందు కూర్చోబెడితే వారంలో వాళ్ళకే తెలుస్తుంది. కానీ శ్రుతి నిలవని పియానో మీద మాత్రం పాపని సాధన చేయించకండి. తొమ్మిదేళ్ళ వయసులో చెవి తడి మట్టిలా ఉంటుంది, రోజూ ఏది వింటే అదే సరైనదనుకుంటుంది. నాయనమ్మ గుర్తు అని చెప్పి పిల్ల చెవి పాడుచేయడం ఆ నాయనమ్మకే నచ్చదు, ఆవిడ మ్యూజిక్ టీచరు కదా. ఇది శ్రుతి పట్టదని తేలితే, ఆ బాగుచేయించే డబ్బుతో 88 మెట్లుండి, మెట్లకి బరువుండే డిజిటల్ పియానో కొనిపెట్టండి. గ్రేడ్ పరీక్షలు రాయించే ఆలోచన ఉంటే, సంగీతం పరీక్షలు పెట్టే లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళకి కీబోర్డు పరీక్ష వేరు, పియానో పరీక్ష వేరు, పాప ఏ దారిలో వెళ్తుందో ఆ టీచరుతో ఇప్పుడే మాట్లాడండి.

చెవికీ, చెదకీ మీరు చూడగలిగింది చూశాక, తీర్పు చెప్పాల్సింది ట్యూనరే. చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో పిలిపించుకోవాల్సి రావచ్చు, రానూ పోనూ ఖర్చు మీదే. అందుకని ముందు ఒక వీడియో తీసి పంపండి, ఎడమ చివర నుంచి కుడి చివర దాకా నల్లవీ తెల్లవీ ఏదీ వదలకుండా ఒక్కొక్కటే నొక్కుతూ, లోపలి పిన్నుల మీద నుంచి ఫోను మెల్లగా తిప్పుతూ. చూడగానే అతను రావడం దండగా కాదా అన్నది చాలావరకు చెప్పేస్తాడు. ఇంకో ఉపాయం, మీ చర్చిలో, చుట్టుపక్కల స్కూళ్ళలో, విజయవాడ వైపు కూడా, పియానో ఉన్నవాళ్ళని ముగ్గుర్ని కలుపుకుంటే ప్రయాణం ఖర్చు నలుగురికీ పంచుకోవచ్చు. మేం ఇక్కడ అలాగే చేస్తాం. వచ్చినప్పుడు అతన్ని సూటిగా అడగండి, పిన్నులు పట్టు మీద ఉన్నాయా, 440 దాకా లాగొచ్చా లేక తీగలు తెగుతాయని అర స్వరం కిందే ఉంచుతారా, ఈ ఏడాది ఎంతవుతుంది, వచ్చే ఏడాది నుంచి ఎంతవుతుంది అని. ఆ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. పియానో ఉంచుకోవడమంటే ఏడాదికి కనీసం ఒకసారి, వీలైతే రెండుసార్లు శ్రుతి చేయించడం, ఆవుని ఉంచుకుంటే గడ్డి ఖర్చు ఉన్నట్టు.

ఒకవేళ అతను పిన్నులన్నీ తీసి లావువి వేయాలి, తీగలన్నీ మార్చాలి, సుత్తులూ కొత్తవే అంటే, నా మాట విని అక్కడితో ఆపేయండి. అంత పని చేయిస్తే చాలాసార్లు మంచి స్థితిలో ఉన్న సెకండ్ హ్యాండ్ జపాన్ పియానో ధర దాటిపోతుంది, చివరికి వచ్చేది మామూలు పాత పియానోనే. గొప్ప కంపెనీది అని లోపలి పేరు తేలితే తప్ప అంత పెట్టుబడి వద్దు. ఆరేడు మెట్లు, నాలుగు తీగలు, శుభ్రం చేయడం, రెండు విడతల శ్రుతి అంటే మాత్రం చేయించండి, వెనకాడకండి. మీరు రాసిన లక్షణాలు చదివితే నా మొగ్గు ఉంచుకోవడం వైపే, పిన్నులు ఔనంటే.

అయితే మీ ఇల్లు మారే పద్ధతిలో ఒక చిక్కుంది, దాన్ని మీరు లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. ఇప్పుడు అద్దె ఫ్లాటు, ఆ తర్వాత మీ ఫ్లాట్లు పూర్తయ్యాక మళ్ళీ ఇక్కడికి, అంటే రెండు ప్రయాణాలు, రెండూ అంతస్తులెక్కి. ఈ పియానో 200 నుంచి 300 కిలోల మధ్య ఉంటుంది, బరువంతా వెనక వైపే, అందుకని వెనక్కి పడే గుణం దానికి ఉంది. మామూలు ప్యాకర్స్ కుర్రాళ్ళు బీరువా అనుకుని ఎత్తుతారు. ముందే లిఫ్టు కొలవండి, పియానో సుమారు ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటుంది, చాలా అపార్టుమెంటు లిఫ్టుల్లో పట్టదు. మేడ మెట్ల మలుపు కూడా కొలవండి. శ్లాబు గురించి ఓనరు భయపడితే, సోఫాలో నలుగురు కూర్చున్నంత బరువే అని చెప్పండి. దాని సొంత చక్రాల మీద గుమ్మాలు దాటించొద్దు, దుప్పట్లు చుట్టి, కింద గట్టి ట్రాలీ పెట్టి, కనీసం నలుగురు పట్టుకోవాలి. చేరాక మూడు వారాలు ఆ గది గాలికి అలవాటు పడనిచ్చి అప్పుడు శ్రుతి చేయించండి, ముందు చేయిస్తే డబ్బు దండగ. పడమటి ఎండ తగిలే గోడ వద్దు, బాత్రూమ్ గోడ వద్దు, ఏసీ గాలి నేరుగా తగిలే చోటు అస్సలు వద్దు. రాత్రి ఏసీ, పగలు ఉక్క అయితే చెక్కకి రోజుకో రోహిణి కార్తె.

రెండుసార్లు కదిలించడం వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. నాయనమ్మ వాయించిన చర్చి గానీ, పనిచేసిన స్కూలు గానీ మీ ఇల్లు పూర్తయ్యేదాకా తీసుకుంటుందేమో అడగండి. రోజూ ఎవరో ఒకరు వాయించే చోటైతేనే ఇవ్వండి, హాలు మూల పడేసే చోటికి వద్దు. ఇచ్చేది అరువే గానీ దానం కాదని, ఫలానా నెలలో తిరిగి తీసుకుంటామని, శ్రుతి ఖర్చు ఎవరిదో, ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. మొహమాటపడకండి. రెండేళ్ళలో కమిటీ మారుతుంది, కొత్తవాళ్ళకి మీరెవరో తెలియదు.

మేనత్తగారితో గొడవ పడకండి. ఆవిడ అడిగేది పియానో కాదేమోనని నాకు అనిపిస్తోంది. చోటు లేదంటూనే అమ్మొద్దంటున్నారంటే, ఆ ఇంట్లో సాయంత్రం పూట వినిపించిన మోత ఆవిడకి కావాలి. ట్యూనర్ వచ్చే ముందే, శ్రుతి తప్పి ఉన్నా సరే, నాయనమ్మ ఎక్కువగా వాయించే కీర్తన ఒకటి ఆ పియానో మీద ఎవరిచేతనైనా వాయించి రికార్డు చేయండి. కుదిరితే మేనత్తగారినే ఆదివారం పిలిచి ఆవిడచేతే వాయించండి, ట్యూనర్ వచ్చాక అతని మాట ఆవిడ ఎదుటే చెప్పనివ్వండి. మీరు చెబితే డబ్బు కోసం అంటున్నారనిపిస్తుంది, ట్యూనర్ నోటి నుంచి వింటే అలా ఉండదు.

చివరికి ఇచ్చేయాల్సే వస్తే రెండు జాగ్రత్తలు. పాత సామాన్ల అతను చూసేది పోత ఇనుమునీ, రాగినీ, టేకునీ. అతన్ని మీ వరండాలోనే సుత్తితో పగలగొట్టనివ్వకండి. ఇందాక చెప్పిన లారీ బరువు ఇంకా ఆ తీగల్లోనే ఉంటుంది, బిగువు మీద ఉండగా ఫ్రేమ్ విరిగినా తీగలు కోసినా మనిషి కళ్ళు పోతాయి. ముందు పిన్నులన్నీ కొద్దికొద్దిగా విప్పి బిగువు దించాలి, అది ట్యూనరే చేయాలి. రెండోది, తెల్ల మెట్లు. వాటి మీది పూత ఒకే ముక్కగా కాకుండా నల్ల మెట్ల మొదట్లో సన్నటి అతుకు గీతతో రెండు ముక్కలుగా ఉండి, ఈనెల్లాంటి చారలు కనిపిస్తే అది ఏనుగు దంతం కావచ్చు. ఏనుగు దంతం వ్యాపారం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కాబట్టి మెట్లు విడిగా ఊడదీసి అమ్ముకోవచ్చని ఎవరైనా ఆశపెడితే పడిపోకండి, అటవీ శాఖ వాళ్ళని అడగకుండా ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టొద్దు. మూత పలక, ఇత్తడి అక్షరాలు, నాయనమ్మ కూర్చున్న స్టూలు, దాంట్లో నోట్స్ పుస్తకాలుంటే అవీ మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ఆదివారం పలకలు తీసినప్పుడు నాకు మూడు ఫోటోలు పంపండి, పిన్నుల వరస దగ్గరగా ఒకటి, కింద బ్రిడ్జి దగ్గర తీగలు వంగే చోట ఒకటి, వెనక అడుగు కర్ర ఒకటి. ఇనుప ఫ్రేమ్ మీద పేరూ నంబరూ కనిపిస్తే అవి కూడా రాయండి. సంక్రాంతికి ఇంకా వ్యవధి ఉంది గానీ, ట్యూనర్లకి డిసెంబరులో క్రిస్మస్ పని ఊపిరాడనివ్వదు, అతనితో తేదీ మాత్రం ఈ వారమే మాట్లాడుకోండి.